రెండో శాంపిల్ ఎవరి బాధ్యత?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో, పట్టణాల్లోని చిన్న నర్సింగ్‌హోమ్‌లలో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, రాత్రి డ్యూటీ చూసే యువ డాక్టర్లు, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగే ఏఎన్ఎంలు, ఆశాల కోసం ఇది రాస్తున్నాను. గర్భసంచిలో పెరగాల్సిన గర్భం బయట ఎక్కడో నాటుకుంటే దాన్ని ఎక్టోపిక్ అంటాం. నూరు గర్భాల్లో ఒకటో రెండో ఇలా అవుతాయి. వాటిలో 90 శాతానికి పైగా ఫెలోపియన్ ట్యూబులోనే ఉంటాయి. ట్యూబు పగిలి కడుపులోకి రక్తం కారడం మొదలైతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. పగలకముందే తెలిస్తే చాలామంది మెథోట్రెక్సేట్ అనే మందుతోనో, ల్యాప్రోస్కోపీతోనో క్షేమంగా బయటపడతారు.

ముందే తెలుసుకోవడానికి మన చేతిలో ఉన్న ముఖ్యమైన రక్తపరీక్ష బీటా హెచ్‌సీజీ. ఈ పరీక్ష ఒక్కసారి చేస్తే చెప్పేది చాలా తక్కువ. 48 గంటల తర్వాత మళ్లీ చేసి, రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టినప్పుడే దానికి అర్థం వస్తుంది. మొదటి శాంపిల్ ఎవరో ఒకరు రాస్తారు, తీస్తారు. తప్పిపోయేది రెండోదే. రాసిన డాక్టరు డ్యూటీ దిగిపోతారు, మధ్యలో ఆదివారం వస్తుంది, నొప్పి తగ్గిందని పేషెంటు కూలికి వెళ్లిపోతుంది. ఆ రెండో శాంపిల్ వచ్చేలా చూడటం ఎవరి పని అన్నది మీ ఆసుపత్రిలో పేరు పెట్టి తేల్చుకోవాలి. నేను చెప్పదలచుకున్నదంతా దాని చుట్టూనే ఉంది.

అంతకంటే ముందు, అసలు పరీక్ష చేయాలన్న ఆలోచన రావాలి. కడుపునొప్పితో వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, విరేచనాలు, వాంతులు అంటూ వచ్చినా, పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లందరికీ మూత్రంతో ప్రెగ్నెన్సీ స్ట్రిప్ పరీక్ష చేయాలి. విరేచనాలు అన్నది పొరపాటున కలపలేదు. కడుపులో చేరిన రక్తం పేగులను రేపితే విరేచనాలు అవుతాయి. అలా వచ్చినవాళ్లకు గ్యాస్ట్రో అని సెలైన్ పెట్టి పంపేయగా జరిగిన మరణాల గురించి బ్రిటన్‌లో ప్రసూతి మరణాలపై వెలువడిన నివేదికలు ఒకటికి రెండుసార్లు హెచ్చరించాయి.

"నెల తప్పిందా అమ్మా?" అని అడిగి, లేదంటే వదిలేయకండి. ఎక్టోపిక్‌లో కొద్దికొద్దిగా అయ్యే బ్లీడింగ్‌ను చాలామంది బహిష్టే అనుకుంటారు. "పోయినసారి ఎప్పటిలాగే అయిందా, తక్కువ అయిందా, రోజుల్లో ఏమైనా తేడా ఉందా?" అని అడగండి. ఈ మాటలు అత్తగారి ముందో, తండ్రి ముందో అడిగితే నిజం రాదు. పెళ్లికాని అమ్మాయి అయితే మరీ ముఖ్యం. కర్టెన్ వెనక్కి తీసుకెళ్లి, నెమ్మదిగా, తప్పు పట్టే గొంతు లేకుండా అడగాలి.

మన రెండు రాష్ట్రాల్లో పనిచేసేవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. "ఆపరేషన్ అయిపోయిందండీ" అన్న మాట వినగానే గర్భం సంగతి మనసులోంచి తుడిచిపెట్టుకుపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైచిలుకు కు.ని. ఆపరేషన్ మీద ఆధారపడినవాళ్లే. అదీ చాలామంది చిన్న వయసులోనే చేయించుకుంటారు కాబట్టి, ఆ తర్వాత పిల్లలు పుట్టే వయసు ఎన్నో ఏళ్లు మిగిలి ఉంటుంది. ఆపరేషన్ విఫలం కావడం అరుదు, అందులో సందేహం లేదు. కానీ విఫలమై గర్భం వస్తే అది ట్యూబులో ఉండే అవకాశం చాలా ఎక్కువ. అమెరికాలో పదివేల మందికి పైగా ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన క్రెస్ట్ అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత వచ్చిన గర్భాల్లో మూడింట ఒకటి ఎక్టోపిక్ అని తేలింది. మొదటి ఏడాదిలోనే కాదు, ఆపరేషన్ అయిన చాలా ఏళ్లకు కూడా ఇవి కనిపించాయి. కాపర్ టీ ఉన్నవాళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త. అందుకే కేస్ షీట్ మీద "ట్యూబెక్టమీ అయింది" అని రాసినప్పుడు, దాని పక్కనే స్ట్రిప్ ఫలితం కూడా రాసే అలవాటు చేసుకోండి. ఇంతకుముందు ఎక్టోపిక్ వచ్చినవాళ్లు, ట్యూబులకు ఇన్ఫెక్షన్ సోకినవాళ్లు, పిల్లల కోసం ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లు సరేసరి. అయినా ఎక్టోపిక్ వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి ఇలాంటి కారణం ఏదీ ఉండదు.

స్ట్రిప్ సాధారణంగా మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్ల దగ్గర గీత చూపిస్తుంది. ఆశాల దగ్గర ఉండే నిశ్చయ్ కిట్ కూడా ఇలాంటి మూత్ర పరీక్షే. నీళ్లు బాగా తాగి మూత్రం పలచబడితే గీత మసకగా రావచ్చు, రాకపోవచ్చు కూడా. అనుమానం గట్టిగా ఉండి స్ట్రిప్ నెగెటివ్ వస్తే రక్తం పంపండి.

ఒక్క సందర్భంలో మాత్రం బీటా జోలికే వెళ్లకండి. ఆమె పాలిపోయి, చెమటలు పట్టి, నాడి వేగంగా కొట్టుకుంటూ ఉంటే, భుజం కొసన నొప్పి అంటుంటే, స్ట్రిప్‌లో రెండు గీతలు కనిపిస్తే ఇక చేయాల్సినవి రెండు లావు క్యాన్యులాలు, బ్లడ్ గ్రూప్, క్రాస్ మ్యాచింగ్, సర్జన్‌కి ఫోన్. మీ దగ్గర థియేటర్ లేకపోతే 108. వయసులో ఉన్నవాళ్ల శరీరం చాలా రక్తం పోయేదాకా బీపీని నిలబెట్టుకుంటుంది. 110 ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే, పడిపోయేటప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. ఆ స్థితిలో ల్యాబ్ రిపోర్టు కోసం ఎదురుచూడటాన్ని ఏ రకంగానూ సమర్థించలేం.

ఇక నిలకడగా ఉన్నవాళ్ల సంగతి. స్ట్రిప్ పాజిటివ్, స్కానింగ్‌లో గర్భసంచిలో ఏమీ కనపడలేదు, పక్కన కూడా ఏమీ లేదు. గర్భం మరీ తొలిదశలో ఉందా, నిలబడకుండా పోతోందా, ట్యూబులో ఉందా? ఇక్కడే బీటా హెచ్‌సీజీ అవసరం. హెచ్‌సీజీ మాయగా మారబోయే కణాలు తయారుచేసే హార్మోన్. దానిలో ఆల్ఫా, బీటా అని రెండు ముక్కలుంటాయి. ఆల్ఫా ముక్క థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్‌లోనూ, అండాశయాన్ని నడిపే ఎల్‌హెచ్‌లోనూ ఉంటుంది. బీటా ముక్క వేరు. దాన్ని విడిగా పట్టుకునే పరీక్షను 1972లో అమెరికాలో వైటుకైటిస్, బ్రాన్‌స్టీన్, రాస్ ప్రచురించాకే, తొలిరోజుల గర్భాన్ని కచ్చితంగా కొలవడం సాధ్యమైంది.

మామూలు గర్భంలో మొదటి వారాల్లో ఈ సంఖ్య చురుగ్గా పెరుగుతుంది. ట్యూబులో నాటుకున్నప్పుడు చాలాసార్లు ఆ పెరుగుదల మందగిస్తుంది. లెక్క సులువే. సోమవారం 600, బుధవారం అదే వేళకు 1020 వచ్చిందనుకోండి. పెరిగింది 420. దాన్ని 600తో భాగించి నూరుతో గుణిస్తే 70 శాతం. 2019లో వచ్చిన బ్రిటన్ నైస్ మార్గదర్శకాల ప్రకారం 48 గంటల్లో 63 శాతానికి మించి పెరిగితే గర్భం లోపలే పెరుగుతుండే అవకాశం ఎక్కువ. 50 శాతానికి మించి పడిపోతే ఆ గర్భం నిలబడే అవకాశం తక్కువ. ఈ రెంటి మధ్య ఎక్కడున్నా 24 గంటల్లోగా నిపుణులు చూడాలి. 600 కాస్తా 750 అయితే, అంటే 25 శాతమే పెరిగితే, ఆమెను ఇంటికి పంపి వారం తర్వాత రమ్మనే ప్రశ్నే లేదు. అమెరికా ప్రసూతి నిపుణుల సంఘం 2018లో ఇంకొంచెం ఉదారంగా గీత గీసింది. మొదటి సంఖ్య 1500 లోపు ఉంటే ఆరోగ్యకరమైన గర్భంలో కనీసం 49 శాతం, 1500 నుంచి 3000 మధ్య ఉంటే 40, అంతకు పైన 33 శాతం పెరుగుదల ఉండాలంది. మొదటి సంఖ్య పెద్దదయ్యేకొద్దీ పెరుగుదల వేగం తగ్గడం మామూలేనన్నమాట. మీ డాక్టరు ఏ గీతను పాటిస్తారో ముందే అడిగి తెలుసుకుని, వార్డులో రాసి అంటించండి.

ఈ సంఖ్యలతో రెండు వైపులా పొరపాట్లు జరుగుతాయి. "1500 దాటింది, సంచిలో ఏమీ లేదు, కాబట్టి ఎక్టోపిక్" అని ఒక్క రిపోర్టుతో తేల్చేసి మెథోట్రెక్సేట్ వేసేస్తే, అది మామూలు గర్భమో, కవలలో అయి ఉండవచ్చు. కవలల్లో సంఖ్య ఎక్కువగా ఉండి, స్కాన్‌లో కనపడటానికి ఇంకాస్త టైం పట్టవచ్చు. కోరుకున్న గర్భాన్ని మన చేత్తో పోగొట్టినట్టవుతుంది. అందుకే అమెరికా సంఘం ఆ గీతను 3500 దాకా జరపమంది. రెండోవైపు, "బీటా 200 కూడా లేదు, అంత తక్కువలో ట్యూబు పగలదు" అన్న ధీమా. పగులుతుంది. సంఖ్య ఎంత తక్కువగా ఉన్నా పగిలిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. నొప్పి ఉంటే బీటా ఎంతున్నా స్కానింగ్ చేయించాల్సిందే.

ఇంకో మాట. ఎక్టోపిక్‌లలో దాదాపు ఐదింట ఒకటి మామూలు గర్భంలాగే చక్కగా పెరుగుతుంది. కాబట్టి పెరుగుదల బాగుందని ఫైలు మూసేయకూడదు. గర్భసంచి లోపల యోక్ శాక్‌తో సహా గర్భం కనపడేదాకా ఆమె మీ రిజిస్టర్‌లోనే ఉండాలి.

స్కానింగ్ దగ్గర ఒక అనవసరపు భయం కూడా చూస్తుంటాను. లింగనిర్ధారణ నిషేధ చట్టం ఉంది కదా అని రాత్రిపూట గర్భిణికి స్కాన్ చేయడానికి కొందరు వెనకాడతారు. ఫారం ఎఫ్‌లో ఇచ్చిన కారణాల జాబితాలో మొదటిదే గర్భం లోపల ఉందా, ఎక్టోపిక్ ఉందా అని నిర్ధారించడం. ఫారం నింపండి, స్కాన్ చేయండి.

ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ జరిగే తేడా బయటివాళ్లకు కనపడదు. శాంపిల్ ట్యూబు మీద తేదీతో పాటు రక్తం తీసిన టైం రాయండి. సోమవారం ఉదయం 9 గంటలకు తీసి, బుధవారం సాయంత్రం 5 గంటలకు తీస్తే అది 56 గంటలు, 48 కాదు. శాతం అంతా మారిపోతుంది. రెండు శాంపిళ్లూ ఒకే ల్యాబ్‌లో, ఒకే మెషిన్ మీద నడవాలి. కంపెనీని బట్టి కిట్ మారుతుంది, కిట్ మారితే అదే రక్తానికి సంఖ్య మారుతుంది. మొదటిది బయట చేయించుకొని వస్తే, ఆ రిపోర్టును పోలికకు వాడకుండా మీ దగ్గరే కొత్తగా మొదటి శాంపిల్ తీసుకోమని డాక్టరుకు చెప్పే చొరవ చూపండి. రిపోర్టు మీద వారాలవారీగా అచ్చయ్యే రేంజ్ చాలా విశాలమైనది. అందులో ఉంది కదా అని ఆమెకు ధైర్యం చెప్పేయకండి.

జుట్టుకి, గోళ్లకి అని బయోటిన్ బిళ్లలు వాడేవాళ్లలో కొన్ని మెషిన్ల మీద హెచ్‌సీజీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రక్తం తీసేటప్పుడే అడిగి రిక్విజిషన్ మీద రాయండి. పిల్లల కోసం చికిత్సలో ఉన్నవాళ్లకు అండం విడుదల కావడానికి ఇచ్చేది హెచ్‌సీజీ ఇంజెక్షనే. అది పది రోజులు, రెండు వారాల దాకా రక్తంలో కనపడి గర్భం ఉన్నట్టు భ్రమ కలిగించవచ్చు. రక్తంలో పాజిటివ్ వచ్చి మూత్రంలో మాత్రం ఎన్నిసార్లు చేసినా నెగెటివ్ వస్తుంటే, రక్తంలోని కొన్ని యాంటీబాడీలు పరీక్షను మోసం చేస్తుండవచ్చు. అవి మూత్రంలోకి దిగవు. శాంపిల్‌ను పలచబరిచి మళ్లీ నడపండి, వేరే పద్ధతిలోనూ చేయించండి. ముత్యాల గర్భంలా హార్మోన్ లక్షల్లో ఉన్నప్పుడు దీనికి వ్యతిరేకమైన తప్పు వస్తుంది. మెషిన్ తక్కువ చూపిస్తుంది. పలచబరిస్తే అదీ బయటపడుతుంది. ఎక్టోపిక్ అనుమానం అని రాసి వచ్చిన శాంపిల్ రిపోర్టును ప్రింట్ తీసి ట్రేలో పెట్టి ఊరుకోవద్దు. ఫోన్ చేసి చెప్పండి, ఎవరికి, ఎన్ని గంటలకు చెప్పారో రాసిపెట్టండి.

హెచ్‌సీజీతో పాటు ప్రొజెస్టిరోన్ కూడా కొందరు రాస్తారు. అది 5 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే గర్భం నిలబడే అవకాశం లేనట్టే, 20 దాటితే బాగున్నట్టే లెక్క. కానీ గర్భం ఎక్కడ ఉందో అది చెప్పదు. ఇన్హిబిన్, యాక్టివిన్, వీఈజీఎఫ్, పాప్-ఎ, సీఏ-125, క్రియాటిన్ కైనేజ్, మైక్రో ఆర్ఎన్ఏలు అంటూ పరిశోధనలు చాలా జరిగాయి. ప్రొజెస్టిరోన్‌తో పాటు వీటిలో మూడింటిని కలిపి చేసిన ఒక పరీక్షను 2011లో ప్రచురించారు. తేల్చిచెప్పగలిగిన చోట బాగా కచ్చితంగా ఉంది, కానీ సగానికి పైగా మందిలో ఏదీ తేల్చలేకపోయింది. రోజువారీ వైద్యంలో ఇవేవీ ఇంకా నిలదొక్కుకోలేదు. ఎవరైనా ఖరీదైన ప్యానెల్ రాయించమని వస్తే, ఆ డబ్బుతో రెండో బీటా, మంచి ట్రాన్స్‌వెజైనల్ స్కాన్ చేయించడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇక రెండో శాంపిల్. ఆసుపత్రికి మళ్లీ రావడమంటే ఆమెకు ఒక రోజు కూలి పోవడం, బస్సు ఛార్జీలు, ఇంట్లో మాటలు పడటం. కారణం అర్థంకాకపోతే ఎందుకొస్తుంది? "బుధవారం మళ్లీ రా" అంటే సరిపోదు. ఇలా చెప్పి చూడండి: "చూడమ్మా, నీకు గర్భం వచ్చింది. అది సంచిలో ఉందో, పక్క ట్యూబులో ఉందో ఇంకా కనపడలేదు. ట్యూబులో ఉంటే పగిలి లోపల రక్తం పోతుంది. ఎల్లుండి ఇదే టైంకి రక్తం చూస్తే మనకి తెలుస్తుంది. ఈలోపు నొప్పి పెరిగినా, కళ్లు తిరిగినా, భుజం లాగినా, అర్ధరాత్రయినా సరే వచ్చెయ్." ఇంట్లోవాళ్లలో ఎవరికి చెప్పమంటుందో ఆమెనే అడిగి, వాళ్లకీ ఇదే చెప్పండి. పుట్టింటికి వెళతానంటే అక్కడికి దగ్గర్లో ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఉందో లేదో కనుక్కోండి. ఆమె ఫోన్ నంబరు, ఇంకొకరిది, ఆమె ఒప్పుకుంటే ఊరి ఆశా నంబరు, ఈ మూడూ ఒక చిన్న నోటుబుక్కులో ఉండాలి. ఆ బుక్కు వార్డులో ఒకరి పేరున ఉండాలి. డ్యూటీ మారేటప్పుడు ఎవరి రెండో శాంపిల్ ఎప్పుడన్నది నోటితో చెప్పి చేతికివ్వాలి. చెప్పిన టైంకి ఆమె రాకపోతే అదే పూట ఫోన్ వెళ్లాలి. ఇది డాక్టరు చేయాల్సిన పని అని నర్సు, నర్సు చూసుకుంటుందని డాక్టరు అనుకునే చోటే మనుషులు చేజారిపోతారు.

మెడికల్ షాపులో పనిచేసేవాళ్లు కూడా ఇందులో ఉన్నారు. చీటీ లేకుండా గర్భస్రావం కిట్ ఇవ్వడం చట్టానికి విరుద్ధం. అంతకుమించిన ప్రమాదం ఇంకొకటుంది. ఆ బిళ్లలు ట్యూబులోని గర్భాన్ని తీసేయలేవు. గర్భసంచి పొర ఊడి బ్లీడింగ్ మాత్రం అవుతుంది. ఆమె పని అయిపోయిందనుకుంటుంది. రెండు వారాలకు నొప్పి వస్తే బిళ్లల వల్లే అనుకుంటుంది. కిట్ వాడానని చెప్పే ప్రతి ఒక్కరినీ, ఎప్పుడు వాడినా సరే, స్కానింగ్‌కి పంపండి.

మెథోట్రెక్సేట్ ఇచ్చాక కూడా బీటా పని అయిపోదు. ఒక్క డోసు పద్ధతిలో ఇంజెక్షన్ ఇచ్చిన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టి, నాలుగో రోజు, ఏడో రోజు రక్తం తీస్తారు. నాలుగో రోజు సంఖ్య పెరగవచ్చు, కంగారు పడాల్సిన పనిలేదు. నాలుగుకూ ఏడుకూ మధ్య కనీసం 15 శాతం తగ్గాలి. తగ్గకపోతే మరో డోసో, ఆపరేషనో డాక్టరు నిర్ణయిస్తారు. తగ్గితే మామూలు స్థాయికి వచ్చేదాకా వారం వారం చూడాలి. ఇది కొన్ని వారాలు పడుతుంది, సంఖ్య తగ్గుతుండగా కూడా ట్యూబు పగలవచ్చు. ఏఎన్ఎంలు, ఆశాలు ఇక్కడ ఒకటి గమనించాలి. గర్భిణి అని పేరు రాసుకున్నాం కదా అని ఐరన్ ఫోలిక్ యాసిడ్ బిళ్లలు చేతికిస్తాం. ఆ ఫోలిక్ యాసిడ్ మెథోట్రెక్సేట్‌కు సరిగ్గా ఎదురు పనిచేస్తుంది. చికిత్స ముగిసేదాకా ఆపించండి. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి కొనుక్కోవద్దని, పారాసెటమాల్ మాత్రమే వాడమని చెప్పండి. ఎండలో పనికి వెళ్లేవాళ్లకు చర్మం త్వరగా కమిలిపోతుందని ముందే హెచ్చరించండి. మళ్లీ గర్భానికి కనీసం మూడు నెలలు ఆగమనండి. రక్తం గ్రూపు నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి డాక్టరును అడిగి, ఏం నిర్ణయించారో రాసిపెట్టండి.

డిశ్చార్జి కాగితం రాసేటప్పుడు "కడుపునొప్పికి చికిత్స" అని ముగించకండి. ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ అని, ఏ వైపు ట్యూబు అని, ఏం చేశారని స్పష్టంగా రాయండి. ఆమె ఉద్యోగస్తురాలైతే ఆ కాగితమే సెలవుకు ఆధారం. గర్భం వల్ల వచ్చిన జబ్బుకు డాక్టరు ధ్రువీకరణతో నెల రోజుల వరకు వేతనంతో సెలవు పొందే హక్కును 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం తెచ్చింది. షాపుల్లో, ఫ్యాక్టరీల్లో, ప్రైవేటు బడుల్లో పనిచేసే చాలామందికి ఆ సంగతే తెలియదు. కాగితం చేతికిచ్చేటప్పుడు మీరే చెప్పండి. దాని అడుగున ఇంకో వాక్యం కూడా చేర్చండి: మళ్లీ నెల తప్పిన వెంటనే బీటా చేయించుకోవాలి, ఆరో వారంలో స్కాన్ చేయించుకోవాలి. ఒకసారి ఎక్టోపిక్ వచ్చినవాళ్లలో పదిమందిలో ఒకరికి మళ్లీ వస్తుంది. అప్పుడు ఆమె వెళ్లేది మీ ఆసుపత్రికే కాకపోవచ్చు, అక్కడివాళ్లకు ఆ ఒక్క వాక్యమే దారి చూపాలి.